ఇజ్జత్ పేజీ

అబిడ్స్‌లో ఆదివారంనాడు మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ రాజయ్య దగ్గర కొన్న పుస్తకాలకు ఒక లోపం ఉంటుంది. అట్ట తిప్పగానే రావలసిన మొదటి కాగితం చాలావాటికి ఉండదు. బేరమాడేవాళ్ళు ఆ లోపం చూపించి ధర తగ్గించమంటారు, రాజయ్య కిక్కురుమనకుండా తగ్గిస్తాడు. అది ఎలుక కొరికిందీ కాదు, చెద తిన్నదీ కాదు. ఆయన కూతురు నవత ఇనుప స్కేలు ఆనించి, పక్క కాగితానికి దెబ్బ తగలకుండా చింపినది.

దాని వెనక ఒక కథ ఉంది. పదేళ్ళ కిందట ఒక ముసలి కవిగారు పుస్తకాలు వెతుక్కుంటూ వచ్చి, తన పుస్తకమే కనబడితే సంబరంగా చేతిలోకి తీసుకున్నాడు. అట్ట తిప్పితే తన చేతిరాతే. ప్రాణమిత్రుడికి ప్రేమతో అని రాసి ఇచ్చుకున్నది, ఆ మిత్రుడు తూకానికి వేసేశాడు. కవిగారు పోస్టాఫీసు మెట్ల మీద కూలబడి చాలాసేపు లేవలేదు. రాజయ్య చాయ్ తెచ్చి తాగించి, ఆ రోజు నుంచి ఈ నియమం పెట్టుకున్నాడు. సంతకం చేసి ఇచ్చిన పుస్తకమైతే, ఆ కాగితం చింపాకే కింద పరచాలి.

"ఇచ్చినాయన ఇజ్జత్ పోవద్దు, అమ్ముకున్నాయన ఇజ్జత్ గూడ పోవద్దు," అంటాడు రాజయ్య. "నడుమ మనదేం పోయింది బిడ్డా, ఒక్క కాయితం."

అందుకే ఆ కాగితానికి ఆ ఇంట్లో ఇజ్జత్ పేజీ అని పేరు పడింది. ఏడేళ్ళ వయసు నుంచీ ఆ చింపే పని నవతదే. ఇప్పుడు పదిహేడు, ఇంటర్ రెండో సంవత్సరం. కాగితాల మీద ఇంత ప్రేమ పొంగి, ఆర్నెల్లు తిరక్కుండా గోతాల్లోకి వచ్చి పడుతుందని ఆ పిల్లకు చిన్నప్పుడే తెలుసు. తెలిసీ ఒక మనిషిని నమ్మింది. చదువుకున్నవాళ్ళ మీద నమ్మకం మన ఇళ్ళల్లో అంత తొందరగా చావదు మరి.

జూన్ నెల రెండో ఆదివారం సంగతి ఇది. దానికి ముందు శుక్రవారం రాజయ్య బషీర్‌బాగ్‌లోని ఒక ఫ్లాటు నుంచి రెండు గోతాల పుస్తకాలు తెచ్చాడు. ఆ ఇంటాయన పేరు అమరేశ్వరరావు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు సభలకు అధ్యక్షత వహించడమే ఉద్యోగం. సభకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు చేతిలో పుస్తకం పెడతారు, అల్మారా నిండిన ప్రతిసారీ ఆయన రాజయ్యను పిలుస్తాడు.

పొద్దున ఏడు కాకముందే నవత ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి, ఒడిలో స్కేలు పెట్టుకుని కూర్చుంది. పది పన్నెండు పుస్తకాలయ్యాక ఒక సన్నటి పుస్తకం చేతికొచ్చింది. అట్ట మీద రైలు పట్టాలు, వాటి మీద వాలిన చీర కొంగు. పేరు 'రైలు పిలిచింది'. దాని కింద చిన్న అక్షరాల్లో 'కౌమార కవితా నవల'. ఆ కింద రచయిత్రి పేరు, వసుమతి.

ముందైతే నవతకు సంతోషమే కలిగింది. మా మేడమ్ పుస్తకం అనుకుంది. అట్ట తిప్పితే ఇజ్జత్ పేజీ కనబడింది. 'సాహితీ పెద్దలు అమరేశ్వరరావు గారికి. ఇందులోని ప్రతి అక్షరమూ నా గుండెలోంచి కోసి తీసినది. నమస్కారాలతో, వసుమతి.' ఆ చేతిరాత నవతకు బాగా తెలుసు. తరగతిలో తన నోటుబుక్కు అంచుల్లో ఎర్ర సిరాతో 'చాలా బాగుంది నవతా, ఇంకా లోతుకు వెళ్ళు' అని రాసింది ఆ చెయ్యే.

స్కేలు ఆనించబోయి ఆగి, ఊరికే ఒక పేజీ తిప్పింది.

మైకు అందరినీ పిలుస్తుంది
మా అమ్మకు మాత్రం
తన పేరే వినిపిస్తుంది

ఆ మాటలు నవతవి. 'ఇనబడ్తది' అని తను రాసిన చోట 'వినిపిస్తుంది' అని ఉంది, అంతే తేడా. మురికి బట్ట ఉతికి ఇస్త్రీ చేసినట్టు మాట చివరలు కడిగారు, మిగతాదంతా నవతదే. ఇంకో పేజీ తిప్పింది, అదీ తనదే. ఇంకోటి, అదీ తనదే.

అసలు జరిగిందేమిటో చెప్పాలి. రెండేళ్ళ కిందటి వానాకాలంలో నవత తల్లి సమ్మక్కకు నిద్ర కరువైంది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో వాళ్ళ కిరాయి గది. స్టేషన్ మైకులో చెప్పే మాటలన్నీ ఇంట్లోకి వినబడతాయి. పదిరోజులు రెప్ప వేయని మనిషి, పదకొండో రోజున మైకులో తన పేరు పిలుస్తున్నారని మొదలుపెట్టింది. రెండు చీరలు మూటకట్టుకుని పోయి ప్లాట్‌ఫారం మీద కూర్చునేది. ఎవరు పిలిచారమ్మా అంటే, "అగో, మల్ల పిలుస్తున్రు," అనేది. అమ్మ లేచి పోకుండా నవత తన చున్నీ కొసకు అమ్మ కొంగు కొస ముడేసుకుని పడుకునేది. కొంగు గుంజితే మెలకువ వస్తుందని. చివరికి దవాఖానలో నలభై రోజులు ఉంచవలసి వచ్చింది. గల్లీలో అడిగినవాళ్ళకు పుట్టింటికి పోయిందని చెప్పారు.

సమ్మక్క బాగై వచ్చింది. వచ్చిన రోజే మొగుణ్ణీ కూతుర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఈ ముచ్చట మన ముగ్గురి నడుమనే ఉండాలె. పిచ్చిదని ఒక్కసారి పేరు పడ్డదంటే మల్ల పోదు. నన్నెవ్వలు పనిల పెట్టుకోరు," అంది. రాజయ్య తలూపాడు. నవత అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

ఆ తర్వాత సమ్మక్కకు బషీర్‌బాగ్‌లో చిన్నపిల్లల బడిలో ఆయా పని దొరికింది. పొద్దున్నే ఇరవై మంది తల్లులు ఏడ్చే పసివాళ్ళను తెచ్చి ఆమె చంకన పెట్టి ఆఫీసులకు పోతారు. వాళ్ళ ముక్కులు తుడిచి, అన్నం తినిపించి, జోకొట్టి నిద్రపుచ్చడంలో సమ్మక్క మళ్ళీ మనిషైంది. గోలీలు ఇప్పటికీ పప్పు డబ్బాలో ఉంటాయి, రోజుకొకటి వేసుకుంటుంది. ముడి కూడా పోలేదు. ఇప్పుడు పడుకునే ముందు కొంగు కొస సమ్మక్కే కూతురి వైపు చాపుతుంది. అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ముడి పడితే గాని ఇద్దరికీ కన్ను మూతపడదు.

మరి ఆ ఒట్టు ఏమైంది? అది గట్టు మీద పెట్టించింది వసుమతి మేడమ్. నాంపల్లిలో ఒక గ్రంథాలయం పై గదిలో ప్రతి శనివారం ఆడపిల్లలకు కవిత్వం రాయడం నేర్పేది. వాళ్ళ తాతగారి కాలంలో బందరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మెత్తటి మాట, మెత్తటి చీర. వెళ్ళిన పిల్లలకు సొంత డబ్బుతో సమోసాలు తెప్పించేది. పాపం, ఆ మాట అబద్ధం చెప్పకూడదు.

"వేరే దేశాల్లో మీ ఈడు పిల్లల కోసం నవలలే కవితల్లో రాస్తారమ్మా," అని చెప్పిందామె మొదటి రోజు. "తాగొచ్చి కొట్టే నాన్న, మంచం పట్టిన అమ్మ, చచ్చిపోదామనిపించిన రోజు, ఏదీ దాచరు. పేజీకి పది లైన్లు. ఊపిరి ఎంత పడితే లైను అంత. అలాంటివి చదివి, ఇంకెక్కడో ఇంకో పిల్ల, నాకొక్కదానికే కాదన్నమాట ఈ కష్టం అనుకుంటుంది. తెలుగులో మనం రాద్దాం."

మనం అంది. నవత ఆ మాట పట్టుకుని ఇంటికెళ్ళి, మూడు నెలలు రాసి రాసి నలభై ఒక్క కవితలు చేసింది. ఒట్టు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. కానీ నోటితో ఎవరికీ చెప్పలేదు కదా, రాశాను, అదీ ఒక్క మేడమ్‌కే కదా అనుకుంది. ఆ వయసులో ఇలాంటి లాయరు పాయింట్లు బాగా తోస్తాయి. నోటుబుక్కు చదివి మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవతను దగ్గరకు తీసుకుంది. ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా చదువుతానంది. దీపావళి ముందు వెళ్ళిన నోటుబుక్కు మళ్ళీ రాలేదు. అడిగితే, "ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం నవతా, సామాన్ల కింద ఎక్కడో ఉంది," అంది. మార్చిలో పరీక్షలని శనివారం తరగతి ఆగింది. తర్వాత ఫోను ఎత్తడమూ ఆగింది. మేడమ్‌కు ఒంట్లో బాగాలేదేమోనని ఈ పిచ్చిపిల్ల ఎండాకాలమంతా దిగులుపడింది. కంచే చేను మేస్తుంటే, కంచెకు ముల్లు గుచ్చుకుందేమోనని ఏడ్చినట్టు.

ఫుట్‌పాత్ మీదనే పుస్తకం మొత్తం చదివింది. ఎదురుగా మనుషులు వంగి పుస్తకాలు తిరగేస్తున్నారు, ధరలు అడుగుతున్నారు, రాజయ్య చెబుతున్నాడు. నవత చెవికి ఏదీ ఎక్కడం లేదు. అమ్మ పేరు మార్చారా అని చూసింది. మార్చారు. సమ్మక్కను సారక్క చేశారు. ఆ ఇద్దరు వనదేవతల పేర్లూ విడివిడిగా పలకడం తెలంగాణలో పాలుతాగే పిల్లకు కూడా రాదు, ఒకటి వినగానే రెండోది నోటికి వస్తుంది. సారక్క పేరు వెనక సమ్మక్కను దాచానని నమ్మడం మేడమ్‌కే చెల్లింది. స్టేషన్ వెనక గల్లీ అలాగే ఉంది. పప్పు డబ్బాలో గోలీలు అలాగే ఉన్నాయి. బషీర్‌బాగ్ పిల్లల బడిలో ఆయా పని కూడా అలాగే ఉంది.

నవత కవితలు అమ్మకు పని దొరికిన రోజుతో అయిపోతాయి. ఈ పుస్తకం అక్కడితో ఆగలేదు. బడివాళ్ళకు పాత సంగతి తెలిసి సారక్కను పనిలోంచి తీసేస్తారు. సారక్క మళ్ళీ స్టేషన్‌కు పోతుంది. చివరి పేజీలో నాలుగే లైన్లు.

రైలు వచ్చింది
అమ్మ వెళ్ళింది
ముడి మాత్రం
నా చేతిలో మిగిలింది

చదివి నవత తల ఎత్తేసరికి, ఎదురుగా సమ్మక్క నిలబడి ఉంది. ఒంటిగంటకు టిఫిన్ డబ్బా తేవడం ఆమెకు అలవాటు.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? ఆకలైతుందా?"

నవత పుస్తకం ఒడిలోకి జారవిడిచి అమ్మ చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది, ఉల్లిగడ్డ వాసన వేస్తోంది. చచ్చిపోయిన మనిషి బెండకాయ కూర తెచ్చింది. నవతకు ఏడుపు తన్నుకొచ్చింది, ఎండ కళ్ళల్లో పడుతోందని చెప్పింది. కానీ ఆ క్షణంలో ఆ పిల్లను అన్నిటికంటే భయపెట్టింది వేరే ఉంది. ఆ నాలుగు లైన్లు బాగున్నాయి. తను రాసిన నలభై ఒక్కటికంటే బాగున్నాయి. అది తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రాజయ్య అన్నం కలుపుకుంటూ కూతురి ఒడిలోకి చూశాడు. ఆయన ఐదో తరగతి చదివాడు, పెద్ద పేరాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, చిన్న లైన్లుంటే ఇష్టపడతాడు. "గా సన్న పుస్తకం బాగున్నట్టున్నది. తక్కువ అక్షరాలు. జర మీ అమ్మకు చదివి వినిపియ్యరాదు," అన్నాడు.

"బాగలేదు బాపూ," అంది నవత. పుస్తకాన్ని తన సంచిలో పెట్టుకుంది. ఇజ్జత్ పేజీ చింపలేదు. తండ్రికి చెప్పకుండా తీసుకున్న మొదటి వస్తువు అది.

ఆ సాయంత్రం మేడమ్‌కు ఒక్క ముక్క మెసేజ్ పెట్టింది. మీ పుస్తకం చూసిన మేడమ్ అని. రెండు నెలలుగా ఉలుకూ పలుకూ లేని ఫోను నిమిషంలో మోగింది. "శనివారం గ్రంథాలయానికి రామ్మా, తీరిగ్గా మాట్లాడుకుందాం," అంది మేడమ్, ఎప్పటి మెత్తటి గొంతుతోనే.

వారమంతా నవత మేడమ్‌ను అడగవలసిన మాటలు పేర్చుకుంది. శనివారం పై గది తలుపు తీసేసరికి, బల్ల మీద 'రైలు పిలిచింది' కట్టలు కట్టలుగా ఉన్నాయి. మేడమ్ ఒక్కతే కూర్చుని వాటికి అడ్రసు చీటీలు అంటిస్తోంది. లేచి వచ్చి నవత భుజం మీద చెయ్యి వేసింది. నవత పక్కకు జరిగింది.

"నా నోటుబుక్కు సున్నాల కింద దొరికిందా మేడమ్?"

మేడమ్ ఒక్క క్షణం చూపు తిప్పుకుంది. తర్వాత కుర్చీ చూపించింది. "కూర్చో. నీకు కోపం రావడం సహజం. నేను ముందే చెప్పాల్సింది, అది నా పొరపాటే. కానీ నవతా, నువ్వు ఇచ్చింది ముడిసరుకు. దాన్ని నవలగా మలిచింది నేను. ఎన్ని రాత్రులు కూర్చున్నానో తెలుసా? ఎక్కడా నీ పేరు లేదు, మీ అమ్మ పేరు లేదు. నీకు ఏ ఇబ్బందీ రాకూడదనే జాగ్రత్తపడ్డాను."

"సమ్మక్కను సారక్క చేస్తే దాగుతదా మేడమ్? మా గల్లీల ఎవ్వలు చదివినా మొదటి పేజీలనే చెప్తరు. బషీర్‌బాగ్ బడి గూడ రాసిన్రు."

"వివరాలుంటేనే పాఠకుడు నమ్ముతాడమ్మా."

"మా అమ్మను ఎందుకు సంపిన్రు?"

మేడమ్ ఈ ప్రశ్నకు తడుముకోలేదు, ముందే ఎవరో అడిగి ఉండాలి. "నీ నోటుబుక్కులో ముగింపు లేదు. అమ్మ బాగైంది, పనికి పోతోంది. అది జీవితంలో మంచిదే, పుస్తకంలో అది ముగింపు కాదు. చదివినవాళ్ళు కదిలిపోవాలి. నలుగురు పిల్లలు నాకు ఫోన్ చేసి ఏడ్చారు తెలుసా? నువ్వు కోరుకున్నది అదే కదా?"

"వీటిని ఆపుండ్రి. మా అమ్మ పని పోతది."

"ఎలా ఆపను? కాలేజీలకు పంపించేశాను. మీ కాలేజీ లైబ్రరీకి కూడా వెళ్ళాయి." ఆమె గొంతు ఇంకా మెత్తబడింది. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. నీకు కోపం మీ అమ్మ సంగతి బయటపడిందనా, అట్ట మీద నీ పేరు లేదనా?"

నవత వరకు రెండూ నిజమే. ఆ రెండోది తనలో ఉందని తనకంటే ముందు మేడమ్‌కు తెలిసిపోయింది, అందుకు మరీ మంట పుట్టింది.

"చూడు," అంది మేడమ్. "మీ అమ్మకు మాటిచ్చింది నువ్వు. నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు."

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నవతకు అప్పుడు తెలిసింది. కోసిన చెయ్యి కూడా చల్లగా, మంచి చెయ్యిలాగే ఉంటుంది. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, అట్ట తిప్పింది.

"మా బాపు అబిడ్స్‌ల పాత పుస్తకాలు అమ్ముతడు మేడమ్. పుస్తకాల బిజినెస్ అని చెప్పిన గదా, గదే బిజినెస్. గిట్ల రాసిచ్చిన కాయితాలు మేం చింపేస్తం, ఇచ్చినోళ్ళ ఇజ్జత్ పోవద్దని. మీది చింపలే."

మేడమ్ తన చేతిరాత చూసుకుంది. నా గుండెలోంచి కోసి తీసినది. పుస్తకం చివరి పేజీ దాకా తిరగేసింది. నవత వేళ్ళ మచ్చలు తప్ప ఎవరూ చదివిన గుర్తు లేదు. "అమరేశ్వరరావు గారు ఇది... ఆవిష్కరణ సభలో ఆయనే కదా అరగంట మాట్లాడింది," అంది. ఇంతసేపూ కదలని మనిషి, చదవకుండా తూకానికి వేశాడన్న మాటకు కదిలింది. నవతకు తృప్తి కలగాలి, కలగలేదు. పుస్తకంలో తన తల్లి చావుకు చెమర్చని ఆ కళ్ళు ఇప్పుడు చెమర్చాయి, అది చూశాక ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు. పుస్తకం తీసుకుని మెట్లు దిగింది.

మేడమ్ అన్న మాట మాత్రం వెంటే వచ్చింది. మాటిచ్చింది నువ్వు. ఎవరో చదివి గల్లీలో అనేలోపు అమ్మకు తనే చెప్పాలి. అంతకుమించి చేయగలిగింది ఏమీ లేదు.

ఇంటికొచ్చేసరికి సమ్మక్క గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. రాజయ్య లోపల రేపటి పుస్తకాలు సర్దుతున్నాడు. నవత అమ్మ ముందు కూర్చుని, ఎక్కడా ఆపకుండా మొత్తం చెప్పేసింది. ఒట్టు, నోటుబుక్కు, మేడమ్, పుస్తకం. సమ్మక్క చేతులు ఆగలేదు. అంతా విని ఒకటే అంది.

"చదువు. ఏం రాసిన్రో ఇంట."

నవత చదివింది. మైకు, మూట, ప్లాట్‌ఫారం, దవాఖాన. రాజయ్య పని ఆపి గోడకు చేరగిలబడ్డాడు. సమ్మక్క గింజ తీసి పక్కన వేస్తోంది, గింజ తీసి పక్కన వేస్తోంది. చున్నీ కొసకు కొంగు ముడేసిన కవిత వచ్చినప్పుడు ఆమె చేతులు ఆగాయి. మళ్ళీ కదల్లేదు. చివరి కవిత ముందు నవత పుస్తకం మూసింది.

"ఇంకో కాయితం ఉన్నది గదా," అంది సమ్మక్క. ఆమెకు చదువు రాదు గాని, కాగితాల లెక్క తెలుసు.

నవత ఆ నాలుగు లైన్లూ చదివింది.

"సచ్చిపోయిన్నా?"

"అది నేను రాయలే అమ్మా. నీ మీద ఒట్టు, అది మేడమ్ రాసింది."

ఒట్టు అన్న మాట నోట్లోంచి వచ్చాక గాని నవతకు తెలియలేదు, తనకిక ఆ మాట చెల్లదని. సమ్మక్క కూతురి మొహం చాలాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. కొత్తగా కిరాయికి వచ్చినవాళ్ళను చూసినట్టు చూసింది.

"మిగతయన్ని నువ్వే రాసినవ్," అంది.

నవత పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఆమె నాకేమైతది బిడ్డా? దారిన పోయేటామె. ఆమె సంపితే సంపనియ్యి. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది నువ్వు."

"సమ్మక్కా, చిన్నపిల్ల, తెలువక చేసింది," అన్నాడు రాజయ్య.

"తెలువక గింత మంచిగ ఎవలు రాస్తరు?" అంది సమ్మక్క. ఆ మాటలో మెచ్చుకోలు కూడా ఉంది, అదే నవత గుండెను కోసేసింది. సమ్మక్క చింతపండు డబ్బాలో వేసి మూత పెట్టి లేచింది. "సోమారం బడికి పోయి పెద్ద మేడమ్‌కు నేనే చెప్త. ఎవలో చదివి చెప్తే దొంగతనం చేసినట్టుంటది. ఉంచుకుంటే ఉంచుకుంటరు. లేకుంటే లేదు."

"నేను గూడ వస్త అమ్మా."

"వద్దు."

ఆదివారం తెల్లారకముందే అబిడ్స్‌లో జాగా పట్టుకోవాలి కాబట్టి, శనివారం ఆ ఇంట్లో ఎనిమిదింటికే పడకలు వేస్తారు. అన్నాలు తిన్నారు. సమ్మక్క పప్పు డబ్బాలోంచి గోలీ తీసి వేసుకుంది. చాప మీద ఎప్పటిలాగే నవత పక్కనే పడుకుంది. నవత చున్నీ కొస చేతిలో పట్టుకుని ఎదురుచూసింది. అమ్మ తిట్టినా ఫరవాలేదు, కొట్టినా ఫరవాలేదు, కొంగు చాపితే చాలనుకుంది.

సమ్మక్క కొంగు చేతిలోకి తీసుకుంది. కొస వెతికి, మడిచి, నడుం దగ్గర గట్టిగా దోపుకుంది.

"అమ్మా, ముడి," అంది నవత.

"వద్దు బిడ్డా," అంది సమ్మక్క. "ఇది గూడ రాస్తవ్."

అని గోడ వైపు తిరిగి పడుకుంది. బయట స్టేషన్ మైకు ఏదో రైలు ఆలస్యమని చెబుతోంది. నవత చున్నీ కొస చేతిలోనే పట్టుకుని అమ్మ వీపు చూస్తూ పడుకుంది.